సూర్యుని గమనం, కార్తెలు, పంట పెట్టుబడి



ఏటా మే నెల చివరి వారం నుంచి గ్రామీణ బ్యాంకు శాఖలలో ఒకే మాట వినిపిస్తుంది. "రోహిణి వచ్చేసింది, మృగశిర ఇంకో పది పన్నెండు రోజులే ఉంది, పంట రుణం ఎప్పుడిస్తారు?" అని రైతులు అడుగుతారు. "మృగశిరకు సరుకు దుకాణంలో లేకపోతే వ్యాపారం పోయినట్లే, క్యాష్ క్రెడిట్ పరిమితి పెంచండి" అని విత్తనాలు, ఎరువుల డీలర్లు కోరుతారు. ఇరువురి తొందరా అర్థం చేసుకోదగినదే. ఆ తొందర వెనుక, కార్తె ప్రవేశించగానే వాన వస్తుందనే భావన బలంగా ఉంటుంది.

ఆ భావనను కొంచెం విడదీసి చూడవలసి ఉన్నది. 2023వ సంవత్సరంలో నైరుతి రుతుపవనాలు కేరళ తీరాన్ని జూన్ 8న తాకాయి. 2025లో మే 24వ తేదీనే తాకాయి. రెండు సంవత్సరాలలోనూ సూర్యుడు మాత్రం మృగశిర కార్తెలో జూన్ 8నే ప్రవేశించాడు. అనగా సూర్యుని లెక్క స్థిరంగా ఉండగా వాన రాక పదిహేను రోజులు మారింది. మీ అప్పు, మీ విత్తనం, మీ దుకాణంలోని సరుకు ఈ పదిహేను రోజుల మీద ఆధారపడి ఉంటాయి. కావున ఆకాశంలో జరిగే మార్పులలో సూర్యునికి కట్టుబడి తేదీ తప్పక వచ్చేవి ఏవి, గాలికీ సముద్రానికీ లోబడి మారిపోయేవి ఏవి అన్నది తెలిసి ఉండటం ఋణగ్రహీతకు ఎంతో అవసరం.

పగలు, రాత్రి

భూమి తన అక్షం మీద పడమర నుంచి తూర్పుకు తిరుగుతున్నది. అందువల్ల సూర్యుడు తూర్పున ఉదయించి పడమట అస్తమిస్తున్నట్లు మనకు కనిపిస్తుంది. ఒక పూర్తి చుట్టుకు నిజానికి పట్టే కాలం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. అయితే ఆ వ్యవధిలో భూమి సూర్యుని చుట్టూ తన దారిలో కొంత ముందుకు జరుగుతుంది కనుక, సూర్యుడు మళ్ళీ అదే చోటికి వచ్చినట్లు కనిపించాలంటే భూమి మరో నాలుగు నిమిషాలు తిరగాలి. ఆ విధంగా మన రోజు 24 గంటలు అయినది. ఈ నాలుగు నిమిషాల సంగతి కార్తెల వద్ద మళ్ళీ ప్రస్తావిస్తాను.

దేశమంతటికీ ఒకే గడియారం ఉన్నా, సూర్యుడు అందరికీ ఒకేసారి ఉదయించడు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 1/2 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు సమీపంగా పోతుంది. ఇచ్ఛాపురం ఆ రేఖకు తూర్పున, అనంతపురం పడమరన ఉన్నాయి. రేఖాంశంలో ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, ఇచ్ఛాపురంలో నడిమధ్యాహ్నం అయిన దాదాపు 28 నిమిషాలకు గానీ అనంతపురంలో కాదు.

నడిమధ్యాహ్నం ఎండ నిటారుగా పడినా, అత్యధిక ఉష్ణోగ్రత రెండు మూడు గంటల వేళ నమోదవుతుంది. నేల వేడెక్కడానికి, నేల నుంచి గాలి వేడెక్కడానికి కొంత సమయం పట్టడమే కారణం. రోజులో కనిపించే ఈ ఆలస్యమే సంవత్సరంలో కూడా ఉంటుంది. ఋతువులను అర్థం చేసుకోవడంలో ఇది కీలకమైన విషయం.

ఎండాకాలంలో సూర్యుడు దగ్గరకు వస్తాడా?

రాడని మొదటనే చెప్పాలి. భూమి సూర్యునికి అత్యంత సమీపంగా ఉండేది జనవరి మొదటి వారంలో. అప్పుడు మధ్య దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అత్యంత దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో. అప్పుడు 15.2 కోట్ల కిలోమీటర్లు. సంక్రాంతి ముందు మనం చలి కాగుతున్న రోజులలో సూర్యుడు మనకు దగ్గరగా ఉన్నాడన్న మాట! దూరమే ఋతువులకు కారణమైతే జనవరి వేసవి కావలసి ఉండేది.

అసలు కారణం భూమి వాలు. భూమి అక్షం నిటారుగా కాక, దాదాపు 23 1/2 డిగ్రీలు ఒరిగి ఉన్నది. ఆ ఒరుగు దిశ మార్చకుండానే భూమి సూర్యుని చుట్టూ 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లకు ఋతుచక్రాన్ని పూర్తి చేస్తుంది. అందువలన జూన్ 21 ప్రాంతంలో ఉత్తరార్ధగోళం సూర్యుని వైపు వాలి ఉంటుంది. డిసెంబరు 21, 22 తేదీలలో సూర్యునికి పెడగా ఉంటుంది.

దీనిని మీ పొలం గట్టు మీదనే పరీక్షించవచ్చును. సరిగ్గా ఒక మీటరు పొడవు పైకి కనిపించేలా నిటారుగా ఒక కర్ర పాతండి. పన్నెండు నుంచి పన్నెండున్నర వరకు దాని నీడను చూస్తూ, అతి చిన్నదిగా ఉన్నప్పుడు కొలవండి. హైదరాబాదు పరిసరాలలో డిసెంబరు 22న ఆ నీడ ఉత్తరం వైపు 86 సెంటీమీటర్లు ఉంటుంది. మార్చి 21న 31 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మే 9 ప్రాంతాన నీడే ఉండదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ తరువాత సూర్యుడు మనలను దాటి ఇంకా ఉత్తరానికి పోతాడు. జూన్ 21న కర్ర నీడ 10 సెంటీమీటర్ల మేర దక్షిణం వైపు పడుతుంది! తిరుగు ప్రయాణంలో ఆగస్టు 3 ప్రాంతాన మరల నడినెత్తికి వస్తాడు. దక్షిణాన ఉన్న తిరుపతిలో మొదటిసారి నీడ మాయమయ్యేది ఏప్రిల్ చివరి వారంలో, ఉత్తరాన ఉన్న ఆదిలాబాదులో మే మూడో వారంలో. బడిపిల్లలు ఇంట్లో ఉంటే ఈ కొలతలు వారి చేత వ్రాయించండి, చాలా సరదా పడతారు.

నీడ పొడవు ఎండ బలాన్ని చెబుతుంది. డిసెంబరు మధ్యాహ్నం ఏటవాలుగా వచ్చే ఎండ ఎక్కువ నేల మీద పరచుకొంటుంది కనుక, సూర్యుడు నడినెత్తిన ఉన్ననాటితో పోల్చితే ఒక గజం నేలకు అందేది నాలుగింట మూడు వంతులే. పైగా పగటి నిడివి తగ్గుతుంది. హైదరాబాదులో జూన్ 21న పగలు సుమారు 13 గంటల 9 నిమిషాలు, డిసెంబరు 22న 11 గంటల 4 నిమిషాలు. ఢిల్లీలో ఈ తేడా ఇంకా ఎక్కువ. అక్కడ జూన్ పగలు దాదాపు 14 గంటలు, డిసెంబరు పగలు 10 గంటల 20 నిమిషాలు. ఉత్తర భారతంలో చలి మనకన్నా ముదరడానికి, గోధుమ అక్కడ పండి ఇక్కడ అంతగా పండకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

సూర్యుడు మేలోనూ ఆగస్టులోనూ రెండుసార్లు నడినెత్తికి వస్తున్నప్పుడు ఆగస్టు కూడా మండిపోవాలి గదా అని మీరు అడగవచ్చు. ఆగస్టులో మబ్బు ఎండను అడ్డుకొంటుంది, తడి నేలకు అందిన వేడిలో అధిక భాగం నీరు ఆవిరి కావడానికే ఖర్చవుతుంది. మేలో మబ్బూ లేదు, తడీ లేదు. అంతేగాక మార్చి నుంచి కూడబెట్టిన వేడి నేలలో ఉంటుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఇందుకే నిజమవుతున్నది. రోహిణి కార్తె మే 25 నుంచి జూన్ 8 వరకు, సరిగ్గా వేడి పరాకాష్ఠకు చేరి మబ్బు ఇంకా రాని కాలం. శీతాకాలపు సంగతి కూడా అంతే. అతి తక్కువ పగలు డిసెంబరు 22న అయినా, చలి మరికొన్ని వారాలు కొనసాగి, శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోతుంది.

కార్తె అంటే ఏమిటి?

ముందు చెప్పిన నాలుగు నిమిషాల తేడా వల్ల నక్షత్రాలు ప్రతి రాత్రి నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. నెలకు రెండు గంటలు, సంవత్సరానికి ఒక పూర్తి చుట్టు. మరొక విధంగా చెప్పాలంటే సూర్యుడు నక్షత్రాల మధ్యగా ఏడాదికి ఒక చుట్టు తిరుగుతున్నట్లు కనిపిస్తాడు. ఆ దారిని మన పూర్వులు 27 నక్షత్ర భాగాలుగా విభజించారు. సూర్యుడు ఏ నక్షత్ర భాగంలో ఉంటే అది ఆ కార్తె. సూర్యుడు అక్కడ ఉన్నాడు కనుకనే కార్తె జరుగుతున్న రోజులలో ఆ నక్షత్రం రాత్రి ఆకాశంలో కనిపించదు. పిల్లలకోడి అని మనం పిలిచే కృత్తికల గుంపు కృత్తిక కార్తెలో కంటికి కనబడకపోవడానికి కారణం ఇదే.

అన్ని భాగాలూ సమానమే అయినా జూలై ప్రాంతంలో ఒక్కొక్క కార్తె 14 రోజులు, జనవరి ప్రాంతంలో 13 రోజులు ఉండటం పంచాంగం చూసేవారు గమనించే ఉంటారు. జనవరిలో భూమి సూర్యునికి దగ్గరగా ఉండి వేగంగా పరుగెత్తుతుంది, జూలైలో దూరంగా ఉండి నెమ్మదిస్తుంది. ఇంత చిన్న తేడాను సైతం లెక్కలోకి తీసుకొన్న వారి నిశితత్వం మెచ్చదగినది.

సేద్యానికి తిథులను కాక కార్తెలను పట్టుకోవడంలో గొప్ప వివేకం ఉన్నది. తిథులూ చాంద్రమాసాలూ చంద్రుని లెక్క. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే. సూర్యునికన్నా ఏటా 11 రోజులు వెనుకబడి, రెండున్నర మూడేళ్ళకు ఒక అధిక మాసం కలిపితే గానీ సరిపోదు. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. "ఉగాది అయిన ఇన్ని రోజులకు విత్తుతాను" అనుకొన్న రైతు ఒక ఏడు నుంచి మరో ఏటికి రెండున్నర వారాలు తేడాపడతాడు. కార్తెను పట్టుకొన్న రైతుకు మృగశిర ఒక రోజు అటూ ఇటూగా జూన్ 8నే వస్తుంది.

అయినా కార్తెలకు కూడా నెమ్మదిగా సాగే ఒక జారుడు ఉన్నది. తిరిగే బొంగరం తల ఊగినట్లు భూమి అక్షం సుమారు 25,800 సంవత్సరాలకు ఒకసారి ఊగుతుంది. అందువల్ల నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం ఋతువులను బట్టి లెక్కించే సంవత్సరం కన్నా దాదాపు 20 నిమిషాలు ఎక్కువ. అది 71 ఏళ్ళకు ఒక రోజుగా పేరుకొంటుంది. సుమారు 1,700 సంవత్సరాల క్రితం మకర సంక్రాంతి, సూర్యుడు నిజంగా ఉత్తరానికి మరలే రోజు ఒక్కటిగానే ఉండేవి. నేడు సూర్యుడు డిసెంబరు 21, 22లలో మరలుతుండగా సంక్రాంతి పండుగ జనవరి 14, 15లకు చేరింది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ విషయాన్ని పరిశీలించగా, ఋతువులకు కట్టుబడిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22 నుంచి అమలులోకి వచ్చింది.

రైతుకు దీనివల్ల ఏమిటి అంటే, తాతల నాటి సామెత ఒక రోజో రెండు రోజులో మాత్రమే జారి ఉంటుంది, కనుక అది దాదాపు సరిగానే పనిచేస్తుంది. వెయ్యేళ్ళ నాటి శాస్త్ర వచనం అయితే ఒక పూర్తి కార్తె జారి ఉంటుంది. ఏ మాట ఎంత పాతదో తెలియకుండా పట్టుదలకు పోకూడదని నా అభిప్రాయం.

పగటి నిడివిని మొక్క లెక్కిస్తుంది

మనం పట్టించుకోని పగటి నిడివిని కొన్ని మొక్కలు నిమిషాలతో సహా గ్రహిస్తాయి. కందిని తీసుకోండి. జూన్‌లో విత్తిన మధ్య, దీర్ఘకాలిక కంది మనిషి ఎత్తు పెరిగి కొమ్మలు వేసి, పగలు తగ్గిన తరువాత పూస్తుంది. అదే విత్తనాన్ని సెప్టెంబరు చివర రబీకి వేస్తే, అప్పటికే పగలు తగ్గిపోయి ఉంటుంది కనుక మొక్క పొట్టిగా ఉండగానే పూతకు వస్తుంది. అందుకే రబీ కందికి సాళ్ళు దగ్గర చేసి, విత్తనం మోతాదు పెంచాలి. ఖరీఫ్ మోతాదుకే రుణం లెక్క కట్టించుకొని రబీ కంది వేసే రైతుకు విత్తనం ఖర్చు చాలదు. రుణం అడిగేటప్పుడే ఏ కాలపు కంది అన్నది స్పష్టం చేయండి.

పాత దీర్ఘకాలిక వరి రకాలలో అనేకం కూడా ఈ తరహావే. జూన్‌లో నారు పోసినా జూలైలో పోసినా ఒకే సమయానికి ఈనేవి. నేటి స్వల్పకాలిక రకాలు పగటి నిడివిని అంతగా లెక్కచేయవు, వేడిని లెక్కచేస్తాయి. యాసంగిలో చలికి నారు ఎదగక, పంటకాలం వారం పది రోజులు పొడిగించబడటం మీకు అనుభవమే. చామంతి సాగుచేసే వారు తోటలో రాత్రిపూట బల్బులు వెలిగించడం చూసి కొందరు నవ్వుతారు. రాత్రి నిడివిని తగ్గించి, మొక్క తగినంత ఎదిగేదాకా పూత రాకుండా ఆపడానికే ఆ దీపాలు.

డీలరు మిత్రులకు ఇక్కడ ఒక మనవి. గత సీజనులో మిగిలిన సంచిని "ఏ కాలానికైనా సరిపోతుంది" అని అంటగట్టడం సూర్యునితో పందెం కాయడమే. సంచి మీద ముద్రించిన కాలం, గడువు తేదీ రైతుకు చూపించి అమ్మండి. పంట పోతే రైతు బాకీ మీ ఖాతా పుస్తకంలోనూ మిగిలిపోతుంది గదా.

వాన ఎందుకు తేదీకి కట్టుబడదు

మే నెలలో నేల మండిపోతుంటే సముద్రం అంత త్వరగా వేడెక్కదు. నేల మీది వేడి గాలి పైకి లేచి, వాయవ్య భారతంలో అల్పపీడనం ఏర్పడుతుంది. ఆ లోటును పూరించడానికి దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి గాలి బయలుదేరి భూమధ్యరేఖను దాటి వస్తుంది. భూమధ్యరేఖ వద్ద నేల తూర్పుకు గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, హైదరాబాదు అక్షాంశం వద్ద ఆ వేగం 1,590 కిలోమీటర్లే. కనుక దక్షిణం నుంచి ఎక్కువ వేగంతో వచ్చిన గాలి మన దగ్గరకు వచ్చేసరికి తూర్పుకు మళ్ళుతుంది. దక్షిణ గాలి నైరుతి గాలిగా మారడానికి భూభ్రమణమే కారణం. బంగాళాఖాతపు తుపానులు అపసవ్యంగా సుడి తిరగడం కూడా అందువల్లనే.

ఇంతవరకు సూర్యుని పాత్ర ఉన్నది. ఏటా ఋతుపవనం వస్తుందని అది చెప్పగలదు. కేరళకు జూన్ 1 సాధారణ తేదీ, అక్కడి నుంచి మన రాష్ట్రాలకు సుమారు వారం పది రోజులు. కానీ ఆ గాలి ఏనాడు బలం పుంజుకొంటుంది, మధ్యలో ఎన్ని రోజులు ఆగిపోతుంది అన్నవి సముద్రపు వేడి, పై గాలుల తీరు, పసిఫిక్ మహాసముద్రంలోని ఎల్ నినో వంటి స్థితిగతుల మీద ఆధారపడతాయి. 2009 జూన్‌లో దేశవ్యాప్తంగా వర్షం 47 శాతం తక్కువ పడింది. ఆ సీజను మొత్తానికి లోటు 22 శాతం. 2023లో ఋతుపవనాలు ఆలస్యంగా వచ్చినా జూలై బాగా కురిసింది, ఆగస్టు మాత్రం 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదై 36 శాతం లోటు చూపింది. ఈ సంవత్సరాలన్నింటిలోనూ కార్తెలు తమ తేదీలకు వచ్చి వెళ్ళాయి.

కావున వర్షాధార భూములలో కార్తెను భూమి సిద్ధం చేసుకొనే గడువుగా తీసుకోండి, విత్తే గడువుగా తీసుకోవద్దు. తేలిక నేలలలో 50-60, బరువు నేలలలో 60-75 మిల్లీమీటర్ల వర్షం పడి నేల బాగా తడిసిన తరువాతనే విత్తాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సలహా ఇస్తున్నారు. మృగశిర మొదటి జల్లుకే పత్తి గింజలు పెట్టి, తరువాత రెండు వారాలు వాన లేక రెండోసారి విత్తనం కొన్న రైతుకు, బ్యాంకు ఇచ్చిన రుణంలో కొంత భాగం నేల పాలైనట్లే. ఆ రెండో విత్తనానికి వడ్డీ వ్యాపారి దగ్గర చేసే అప్పు పంట వచ్చినా తీరడం కష్టమవుతుంది.

అలాగని ఎంతకాలమైనా ఆగవచ్చునా అంటే, అక్కడ మళ్ళీ సూర్యుడే అడ్డు వస్తాడు. జూలై మూడో వారం దాటిన తరువాత విత్తిన పత్తికి కాయ ఎదిగే వేళకు పగలు తగ్గి, రాత్రులు చల్లబడి, నేలలో తడి ఆరిపోతుంది. అప్పటికీ వాన రాకపోతే పత్తి ఆలోచన మాని, ఆగస్టు మొదటి పక్షం వరకు వీలున్న కంది, ఆముదం వంటి పంటలకు మళ్ళడం మేలు. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. ఉత్తర కార్తె సెప్టెంబరు 13 నుంచి 27 వరకు. పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 22, 23 తేదీలు అందులోనే ఉంటాయి. వాయవ్య భారతం నుంచి నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగే సాధారణ తేదీ సెప్టెంబరు 17. ఆ సామెత ఎంత కొలిచి చెప్పినదో చూడండి.

సూర్యుడు దక్షిణానికి దాటిన తరువాత నేల చల్లబడి గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. నెల్లూరు ప్రాంతంలో సంవత్సరపు వర్షంలో సగానికి పైగా ఈ అక్టోబరు-డిసెంబరు కాలంలోనే పడుతుంది. కనుక అక్కడి సేద్యపు క్యాలెండరు తెలంగాణ క్యాలెండరుకు భిన్నం. అనంతపురం ప్రాంతం రెండు ఋతుపవనాలకూ అంచున ఉండి ఏడాదికి 550 మిల్లీమీటర్లతోనే సరిపెట్టుకోవలసి వస్తున్నది. సముద్రం వేడిని త్వరగా వదలదు కనుక, నేల చల్లబడినా బంగాళాఖాతం తుపానులకు తగినంత వెచ్చగానే ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ, 2014 అక్టోబరు 12న విశాఖపట్నంపై హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్ల తీరాన మిచౌంగ్, అన్నీ ఈ కాలంలో వచ్చినవే. డెల్టాలో నాట్లు ఆలస్యమయ్యే కొలదీ కోతలు ఈ తుపాను కాలంలోకి జారుతాయి. కోసిన పంట పొలంలో పనల మీద ఉండే రోజులు తగ్గించుకోవడం, వీలైన చోట గోదాములో నిల్వచేసి రసీదు మీద రుణం పొందడం ఆలోచించదగినవి.

రుణం, బీమా తేదీలు

బ్యాంకు లెక్కలో ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఖరీఫ్, అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు రబీ. ఇవి కూడా సూర్యుని వంటివే, వాన కోసం ఆగవు. కిసాన్ క్రెడిట్ కార్డు గల రైతు మొత్తం పరిమితిని మొదటి రోజే తీసుకొనవలసిన అవసరం లేదు. దుక్కికి, విత్తనానికి, తరువాత పై ఎరువులకు అంటూ విడతలుగా తీసుకొంటే, తీసుకొన్న సొమ్ముకు తీసుకొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. వాన పదిహేను రోజులు ఆలస్యమైన ఏడాది ఈ పద్ధతి పాటించిన వారికి ఆ మేరకు వడ్డీ ఆదా అవుతుంది. అర్హత గల పంట రుణాన్ని గడువు లోపల చెల్లించిన వారికి లభించే 3 శాతం వడ్డీ రాయితీ కూడా తేదీకి కట్టుబడి ఉన్నదే. విత్తడం ఆలస్యమైతే కోత, అమ్మకం ఆలస్యమవుతాయి గానీ గడువు తేదీ తనంతట తాను జరగదు. కనుక గడువు ముంచుకు వచ్చే వరకు ఆగక, పంట ఆలస్యమైనప్పుడే శాఖకు వచ్చి తెలియజేయండి.

ప్రధాన మంత్రి ఫసల్ బీమా యోజన అమలులో ఉన్న రాష్ట్రాలలో చేరికకు ఆఖరు తేదీ ముందుగానే ప్రకటించబడుతుంది. "వాన పడనీ, చూద్దాం" అని ఆగితే ఆ తేదీ దాటిపోతుంది. 2020 ఖరీఫ్ నుంచి రుణం తీసుకొన్న రైతులకు కూడా ఇందులో చేరిక ఐచ్ఛికం. వద్దనుకొన్నవారు ఆఖరు తేదీకి ఏడు రోజుల ముందే వ్రాతపూర్వకంగా చెప్పాలి. ఒక పంటకు బీమా చేసి, వాన రాక మరో పంట వేసినవారు ఆ మార్పును కూడా ఆఖరు తేదీకి ముందే బ్యాంకుకు తెలపాలి. వాన లేక బీమా యూనిట్‌లోని నాలుగింట మూడు వంతులకు పైగా విస్తీర్ణంలో విత్తలేకపోయిన పరిస్థితి ఏర్పడితే, బీమా మొత్తంలో 25 శాతం వరకు చెల్లించే నిబంధన ఈ పథకంలో ఉన్నది. అందుకు కూడా ముందుగా చేరి ఉండటం తప్పనిసరి.

షెడ్డు, సోలారు పంపు

పంటకే గాక, టర్ము రుణంతో కట్టే వాటికి కూడా సూర్యుని దారి తెలిసి ఉండాలి. కోళ్ళ షెడ్డు పొడవును తూర్పు-పడమరలుగా ఉంచమని మేము పట్టుబట్టడానికి కారణం ఇదే. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా వచ్చే తీవ్రమైన ఎండ అప్పుడు షెడ్డు చిన్న గోడల మీదనే పడుతుంది. మే మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కనుక కప్పు చూరు పొడవు గోడలకు నీడ ఇస్తుంది. స్థలం కలిసి రాలేదని ఉత్తర-దక్షిణాలుగా కట్టిన షెడ్డులో సాయంత్రం పొడవునా ఎండ కొట్టి, వేసవిలో కోళ్ళు చనిపోతాయి.

సోలారు పంపు పలకలను మన ప్రాంతంలో దక్షిణ ముఖంగా, సుమారుగా ఊరి అక్షాంశం ఎంతో అంత వాలులో, అనగా 14 నుంచి 19 డిగ్రీలలో బిగిస్తారు. నీటి అవసరం ప్రధానంగా యాసంగికే అయితే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సూర్యుడు దక్షిణాన క్రిందుగా ఉంటాడు కనుక మరో పది డిగ్రీల వాలు ఎక్కువ ఇవ్వడం లాభం. మే నెలలో ఎండ మెండుగా ఉన్నా పలక అతిగా వేడెక్కితే ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున దాని సామర్థ్యం తగ్గుతుంది. అందువల్ల పలకల క్రింద గాలి ఆడే ఖాళీ ఉంచాలి.

స్థలం ఎంపికలో పొరపాటు తరచుగా వేసవిలోనే జరుగుతుంది. ఏప్రిల్, మే నెలలలో డీలరు, రైతు కలిసి స్థలం చూసినప్పుడు దక్షిణం వైపు ఉన్న వేపచెట్టు నీడ దాని మొదట్లోనే ఉంటుంది, అడ్డు అనిపించదు. అదే చెట్టు 10 మీటర్ల ఎత్తు ఉంటే డిసెంబరు 22న నడిమధ్యాహ్నం దాని నీడ ఉత్తరం వైపు 8 1/2 మీటర్లకు పైగా, ఉదయం 9 గంటలకు వాయవ్యం వైపు దాదాపు 19 మీటర్లు సాగుతుంది. పలకల వరుసలో ఒక్క పలక నీడలో ఉన్నా ఆ వరుస మొత్తం కరెంటు తగ్గవచ్చు. కనుక ఆగ్నేయం, దక్షిణం, నైరుతి దిక్కులలో చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరం విడిచి పలకలు బిగించండి. డీలరు ఇచ్చే కొటేషనుతో పాటు చెట్లు, గట్లు, బోరు దిక్కులతో సహా గుర్తించిన చేతి పటం ఒకటి జతచేస్తే, తనిఖీకి వచ్చిన అధికారి శీతాకాలపు నీడను అక్కడికక్కడే లెక్కకట్టి చూడగలడు.